గుండెపోటు తర్వాత పెద్దవాళ్ళ రిహాబ్: ఇంట్లోవాళ్ళు పదేపదే అడిగే సందేహాలు

స్టెంట్ పడ్డవాళ్ళు, బైపాస్ అయినవాళ్ళు ఇంటికి చేరి వారం తిరక్కముందే ఫోన్లు మొదలవుతాయి. చేసేది చాలాసార్లు పేషెంటు కాదు, కొడుకో కూతురో కోడలో. ఊళ్ళు మారినా ప్రశ్నలు అవే. అందుకని 65 దాటినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని, ఎవరికి కావలసిన ప్రశ్న వాళ్ళు నేరుగా చదువుకునేలా ఇక్కడ రాసి పెట్టాం. మీ మనిషిని చూసిన డాక్టరు వేరే మాట చెప్పి ఉంటే ఆ మాటే ఖాయం.

## ఆసుపత్రిలో ఉండగా

బ్లాక్ తీసేసి స్టెంట్ వేశారు కదా, ఇంకా ఈ రిహాబ్ ఎందుకు?

స్టెంట్ బాగుచేసింది రక్తనాళంలో ఒక్క చోటును. ఆ బ్లాక్ రావడానికి కారణమైన షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, పొగాకు, కదలని అలవాటు, అన్నీ మనిషితోపాటే ఇంటికి వచ్చేస్తాయి. కార్డియాక్ రిహాబిలిటేషన్ అంటే వాటి పని పట్టడం: కొలిచి చేయించే వ్యాయామం, మందులు తప్పకుండా చూడడం, తిండి, మనసులో భయం. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021లో తెచ్చిన సమీక్ష 85 పరిశోధనల్లోని 23 వేలమందికి పైగా గుండె రోగుల వివరాలను కలిపి చూసింది. వ్యాయామంతో కూడిన రిహాబ్ చేసినవాళ్ళలో గుండె జబ్బుతో చనిపోవడమూ, మళ్ళీ ఆసుపత్రి పాలవడమూ తగ్గాయని తేలింది. ఇంత లాభమున్నా మన దగ్గర చాలా డిశ్చార్జి కాగితాల్లో దీని ఊసే ఉండదు. మీరే అడగాలి.

నాన్నగారికి 78 ఏళ్ళు. ఈ వయసులో వ్యాయామం ఏమిటండీ?

ఈ వయసులోనే ఎక్కువ కావాలి. యాభై ఏళ్ళ మనిషి వారం మంచంలో ఉంటే లేచి తిరుగుతూ కోలుకుంటాడు. డెబ్భై ఎనిమిదేళ్ళాయనకు ఆ వారంలో పోయిన తొడల బలం తనంతట తాను తిరిగి రాదు. తర్వాత గుండె బాగానే ఉన్నా బాత్రూముకు వెళ్ళడానికి మనిషి ఆసరా కావాల్సి వస్తుంది. ఇటలీలో గుండెపోటు వచ్చి, నడక అప్పటికే మందగించిన 512 మంది వృద్ధులతో ఒక పరిశోధన చేశారు. వాళ్ళ వయసు సగటున 80 ప్రాంతం. సగంకంటే ఎక్కువమందికి వ్యాయామం, ఆహార సలహా, బీపీ, షుగర్ల అదుపు కలిపి ఇచ్చారు. ఏడాదిలో గుండె జబ్బుతో చనిపోయినవాళ్ళు, అనుకోకుండా ఆసుపత్రిలో చేరినవాళ్ళు కలిపి ఈ జట్టులో 12.6 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో 20.6 శాతం. 2025లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఆపరేషనైన మర్నాడే లేపి కూర్చోబెడుతున్నారు. తొందరపడుతున్నారేమో?

తొందర కాదు. ఒకప్పుడు గుండెపోటు వస్తే నాలుగు నుంచి ఆరు వారాలు మంచం దిగనిచ్చేవారు కాదు. 1952లో బోస్టన్‌లో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనే వైద్యులు రోగులను కుర్చీలో కూర్చోబెట్టడం మొదలుపెడితే సాటి డాక్టర్లే మండిపడ్డారు. 1966లో అమెరికాలోని డల్లస్‌లో ఐదుగురు ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళను మూడు వారాలు మంచం మీదే ఉంచి పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని మళ్ళీ చూస్తే, గడిచిన ముప్ఫై ఏళ్ళు వాళ్ళ దమ్మును తగ్గించినదానికంటే ఆ మూడు వారాల మంచమే ఎక్కువ తగ్గించిందని తేలింది. కుర్రాళ్ళ సంగతే అలా ఉంటే ముసలివాళ్ళ మాట చెప్పనక్కర్లేదు. బీపీ, గుండె లయ నిలకడగా ఉన్నాయని చూసుకునే లేపుతారు. కళ్ళు తిరిగితే అప్పటికప్పుడు కూర్చోబెట్టడానికి పక్కన మనిషి ఉంటారు.

డిశ్చార్జికి ముందు ఏం అడిగి రాయించుకోవాలి?

పంపింగ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో బయటికి నెట్టే వంతు) ఎంత శాతం, ఇంకా తెరవకుండా వదిలేసిన బ్లాకులు ఏమైనా ఉన్నాయా, ఏ మాత్ర ఎన్నాళ్ళు, ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర రాశారా, నడక ఎప్పుడు ఎంతతో మొదలుపెట్టాలి. వీటికి జవాబులు కాగితం మీద ఉంటే చాలు.

## ఇంటికొచ్చిన మొదటి వారాలు

అమ్మను ఏ పనీ ముట్టుకోనివ్వడం లేదు. అన్నీ కుర్చీ దగ్గరకే తెస్తున్నాం. మంచిదే కదా?

ప్రేమతో చేస్తున్నదే, కాదనడం లేదు. కానీ మేము చూసే కేసుల్లో పెద్దవాళ్ళు వెనకబడిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది ఈ ప్రేమే. "నువ్వు లేవకమ్మా, నేను తెస్తా" అనే మాట రోజుకు ఇరవై సార్లు వింటే, నా గుండె ఇక పనికిరాదు కాబోలు అని ఆవిడ నమ్మేస్తుంది. ఆ నమ్మకం పడ్డాక వ్యాయామం చేయించడం మహా కష్టం.

మంచినీళ్ళు ఆవిడనే లేచి తెచ్చుకోనివ్వండి. కూర్చుని చిక్కుళ్ళు ఈనె తీయడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం, దేవుడి దగ్గర దీపం పెట్టడం, తులసికోటకు చెంబుతో నీళ్ళు పోయడం మొదటి వారంలోనే చేయొచ్చు. ఆపవలసినవి వేరే ఉన్నాయి: నిండు బిందె, గ్యాస్ సిలిండరు, రుబ్బురోలు, పరుపులు ఎత్తి దులపడం, ఒంగి ఇల్లంతా తుడవడం. మగవాళ్ళ విషయంలో ఇంకో చిక్కు. ఇంటిపని ఎన్నడూ చేయని నాన్నగారికి "చిన్న చిన్న పనులు చేసుకోండి" అంటే ఏమీ తోచదు. పాల పాకెట్టుకు సందు చివరిదాకా వెళ్ళి రావడం లాంటి కచ్చితమైన పని ఒకటి ఆయన పేరున రాయండి.

రోజుకు ఎంతసేపు నడవాలి?

ఇంటికొచ్చిన కొత్తలో ఒక్కోసారి 5 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు, చదునైన చోట. అలసట లేకపోతే రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు కలుపుతూ పోవాలి. నెల, నెలన్నరకు ఒక్క విడతలో 20 నుంచి 30 నిమిషాలు నడవగలిగితే బాగా కోలుకున్నట్టే. తిన్న వెంటనే వద్దు, గంటైనా ఆగాలి. మన ఎండాకాలంలో ఉదయం ఏడులోపే ముగించాలి. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు వేసుకునేవాళ్ళకు వేడిలో ఒంట్లో నీరు తగ్గి కళ్ళు తిరుగుతాయి. చలికాలంలో తద్విరుద్ధం, పొద్దెక్కాకే బయటికి.

మేడ మెట్లు ఎప్పటినుంచి ఎక్కొచ్చు?

ఇబ్బందులేమీ లేకపోతే చాలామంది డిశ్చార్జి నాటికే ఒక వరుస మెట్లు ఎక్కగలరు. కొన్ని ఆసుపత్రుల్లో ఎక్కించి చూసే పంపిస్తారు. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆన్చి, సగంలో ఆగి ఎక్కాలి. మొదటి వారాల్లో మేడ మీది మనిషి రోజుకు ఒకటి రెండు సార్లు దిగి ఎక్కితే చాలు.

బైపాస్ అయింది. ఛాతీ ఎముక అతుక్కునేదాకా ఏం జాగ్రత్త?

కోసి తీగతో కుట్టిన ఆ ఎముక గట్టిపడడానికి సుమారు 8 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా రెండు మూడు కిలోలకు మించి ఎత్తవద్దు. మనవడు ఎంత మారాం చేసినా సరే. మంచం మీంచి లేచేటప్పుడు చేతులతో లాక్కుంటూ లేవకుండా, పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి వేసి, ఆ ఊపుతో కూర్చోవాలి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు దిండును ఛాతీకి గట్టిగా అదుముకుంటే నొప్పి తగ్గుతుంది. బస్సు కడ్డీ పట్టుకుని వేలాడడం, బరువైన షట్టరు లాగడం కుదరదు. ఎముక దగ్గర కటకటమని చప్పుడు రావడం, గాయం ఎర్రబడి చీము కారడం, జ్వరం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు సర్జన్‌కు చూపించండి.

మా ఇంట్లో కింద కూర్చునే దొడ్డే ఉంది. పరవాలేదా?

మొదటి రెండు మూడు నెలలు కమోడ్ మంచిది. కింద కూర్చుని లేవడం మోకాళ్ళకూ కష్టమే, చేతులమీద బరువు వేసి లేస్తే ఛాతీ ఎముకకూ మంచిది కాదు. నడుమ రంధ్రమున్న ప్లాస్టిక్ కుర్చీ మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. ముక్కడం అసలే వద్దు. ఊపిరి బిగబట్టి ముక్కితే బీపీ ఒక్కసారిగా పెరిగి, వెంటనే పడిపోతుంది. మలబద్ధకం ఉంటే డాక్టరుకు చెప్పి ఇసబ్‌గోల్ లాంటిది రాయించుకోండి.

ఛాతీలో ఏదో పట్టినట్టుంటే అది గ్యాసో గుండో ఎలా తెలుస్తుంది? నాలుక కింద మాత్ర ఎలా వాడాలి?

ఇంట్లో తేల్చుకోవాలని చూడకండి. పెద్దవాళ్ళలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళలో, గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు: ఉన్నట్టుండి ఆయాసం, చల్లని చెమటలు, కడుపులో వికారం, దవడలోనో ఎడమ చేతిలోనో లాగడం, ఎప్పుడూ లేనంత నీరసం. సోడా తాగి పడుకుని తెల్లవార్లూ ఎదురుచూసినవాళ్ళే ఆలస్యంగా వస్తారు.

డాక్టరు సార్బిట్రేట్ లాంటి మాత్ర రాసి ఉంటే, ముందు కూర్చోబెట్టండి. ఆ మాత్రతో బీపీ పడిపోతుంది గనక నిలబడి వేసుకుంటే తూలి పడతారు. ఒకటి నాలుక కింద పెట్టి గడియారం చూడండి. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకువెళ్ళవద్దు. గత ఒకటి రెండు రోజుల్లో పటుత్వం కోసం సిల్డెనఫిల్, టాడలఫిల్ లాంటి మాత్రలు వేసుకున్నవాళ్ళు దీన్ని వాడకూడదు. అంబులెన్సు వాళ్ళకు ఆ సంగతి మొహమాటపడకుండా చెప్పాలి.

ఒంట్లో బాగానే ఉందంటారు, కానీ మాట్లాడరు, నిద్రపోరు, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు.

గుండెపోటు తర్వాత కొన్నాళ్ళు దిగులు మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, తిండి మీదా మనుషుల మీదా ఆసక్తి పోతే, అది డిప్రెషన్ కావచ్చు. గుండె రోగుల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది. దీనివల్ల మందులు మానేస్తారు, నడక మానేస్తారు, గుండె కూడా దెబ్బతింటుంది. "ధైర్యంగా ఉండాలి నాన్నా" అనే ఉపదేశంతో పోదు. డాక్టరుకు చెప్పండి, గుండెకు ఇబ్బంది లేని మందులున్నాయి. రిహాబ్‌కు వచ్చే తమ ఈడు వాళ్ళతో కబుర్లు కూడా బాగా పనిచేస్తాయి.

## రిహాబ్ నడిచే మూడు నెలలు

అక్కడ ఏం చేయిస్తారు?

మామూలుగా 12 వారాలు, వారానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి గంట. మొదటి రోజు ఎకో (గుండె స్కానింగ్), ఈసీజీ, మందులు చూసి 6 నిమిషాల నడక పరీక్ష పెడతారు. 30 మీటర్ల వరండాకు రెండు చివరలా గుర్తులు ఉంటాయి. వాటి మధ్య 6 నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలుస్తారు. ఆయాసం వస్తే ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు. మూడు నెలల తర్వాత మళ్ళీ ఇదే పరీక్ష.

రోజువారీగా, రాగానే బీపీ, నాడి, షుగర్ ఉంటే వేలిపోటు. తర్వాత కుర్చీలో కూర్చునే మడమలు ఆడించడం, భుజాలు తిప్పడం, పది నిమిషాలు. పెద్దవాళ్ళకు ఈ సన్నాహం కాస్త ఎక్కువసేపే కావాలి. ఆపైన ట్రెడ్‌మిల్లో సైకిలో, తర్వాత తేలికపాటి బరువులు, ఒంటికాలి మీద నిలబడడం లాంటి పట్టు పెంచే పనులు. చివర ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించి, మళ్ళీ బీపీ చూసి పంపుతారు. ట్రెడ్‌మిల్ ఎక్కిన మొదటి రోజు చాలామంది కడ్డీని వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంటారు. నాలుగో రోజుకు పక్క బెల్టు మీద ఉన్నాయనతో ఊరి రాజకీయాలు మాట్లాడుతుంటారు.

వాచీలో నాడి ఎంత దాటకూడదు?

మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాంటి మాత్రలు నాడిని అణిచి ఉంచుతాయి. అవి వేసుకునేవాళ్ళకు 220లోంచి వయసు తీసేసే లెక్క పనికిరాదు. అంతకంటే నమ్మదగింది మాట పరీక్ష: నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనట్టుండాలి. రెండు ముక్కలకే ఊపిరి తీసుకుంటుంటే వేగం తగ్గించాలి. రిహాబ్ గోడ మీద ఎంత శ్రమ అనిపిస్తోందో అంకెల్లో చెప్పే బోర్గ్ పట్టిక, 6 నుంచి 20 దాకా, ఉంటుంది. శ్రమ 11కీ 13కీ మధ్య అనిపించేలా ఉంచమంటారు.

మోకాళ్ళ నొప్పులతో నడవలేరు. మరి ఎలా?

కుర్చీయే వ్యాయామశాల. గోడకు ఆన్చిన గట్టి కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, ఐదు సార్లతో మొదలుపెట్టి పదికి. అది కష్టమైతే సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచండి. కూర్చుని మోకాలు చాపి పట్టి ఉంచడం, అర లీటరు నీళ్ళ సీసాతో మోచేయి ముడవడం. బైపాస్ అయినవాళ్ళు చేతి బరువులు ఛాతీ ఎముక అతికాకే ముట్టుకోవాలి. ఊపిరి ఎక్కడా బిగబట్టకూడదు; బయటికి అంకెలు లెక్కపెడుతూ చేస్తే అదే సర్దుకుంటుంది. నొప్పి మాత్రల విషయం జాగ్రత్త: డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి గుండె రోగులకు మంచివి కావు, డాక్టరును అడక్కుండా షాపులో కొనకండి.

షుగర్ ఉంది. వ్యాయామంలో పడిపోతే?

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు ఆ భయం నిజమే. మొదలుపెట్టే ముందు షుగర్ 100 కంటే తక్కువుంటే ఏదైనా తిని ఆగాలి. జేబులో గ్లూకోజ్ పొడో పంచదారో ఉండాలి. వణుకు, చెమట, తికమక వస్తే ఆగి నోట్లో వేసుకోండి. చెప్పులతో కాదు, మెత్తటి బూట్లతో నడవాలి. తిమ్మిరెక్కిన పాదానికి పొక్కు లేచినా తెలియదు, అందుకే రాత్రిపూట అరికాళ్ళు చూసుకోవాలి.

పంపింగ్ 30 శాతమే అన్నారు. వ్యాయామం చేస్తే గుండె ఆగిపోదా?

పంపింగ్ తక్కువ ఉన్నవాళ్ళకూ రిహాబ్ మేలు చేస్తుంది, కాకపోతే ఆసుపత్రిలో ఈసీజీ చూస్తూ మొదలుపెట్టాలి. ఇంట్లో రోజూ పొద్దున్న కాలకృత్యాలయ్యాక, టిఫిన్‌కు ముందు బరువు చూసి కేలండరు మీద రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. పాదాలు ఉబ్బినా, పడుకుంటే ఊపిరాడక దిండ్లు పెంచాల్సి వస్తున్నా వ్యాయామం ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి.

మా ఊళ్ళో రిహాబ్ సెంటర్ లేదు. యోగా చేస్తే సరిపోతుందా?

పెద్ద నగరాలు దాటితే సెంటర్లు లేవన్నది నిజం. ఒకటి రెండు సార్లు నగరానికి వెళ్ళి పరీక్ష చేయించుకుని, ఇంటి దగ్గర చేసేలా పట్టిక రాయించుకుని, ఫోన్లో మాట్లాడుతూ కొనసాగించడం మంచి దారి. తక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళలో ఇంటి రిహాబ్ సెంటర్‌కు దీటుగానే పనిచేస్తుందని పరిశోధనలున్నాయి.

యోగా మీద మన దేశంలోనే పెద్ద పరిశోధన జరిగింది. యోగా-కేర్ పేరుతో 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందిని తీసుకుని, సగంమందికి మూడు నెలల్లో 13 తరగతులు నేర్పారు. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం వాళ్ళు తమ ఆరోగ్యం మెరుగైందన్నారు, పాత పనుల్లోకి బాగా తిరిగి వెళ్ళారు. మరణాలు, మళ్ళీ గుండెపోటు తగ్గాయని మాత్రం గట్టిగా రుజువు కాలేదు. కాబట్టి చేయండి, దానితోపాటు నడవండి కూడా. శీర్షాసనం, ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా చేసే కపాలభాతి వద్దు.

ఆరోగ్యశ్రీలో రిహాబ్ ఖర్చు వస్తుందా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆపరేషన్ కోసం పెట్టినవి. 70 దాటిన అందరికీ 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ కార్డు కూడా ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, రోజూ వచ్చిపోయే రిహాబ్‌కు కాదు. డిశ్చార్జి తర్వాత మందులు, పరీక్షల సాయం ఏమైనా ఉందా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

ఆవకాయ పూర్తిగా మానేయాలా?

రోజుకు మనిషికి ఉప్పు అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పప్పులో, కూరలో, చారులో, మజ్జిగలో వేసిందే దాన్ని దాటేస్తుంది. దానిపైన ఆవకాయ, అప్పడం, చల్ల మిరపకాయలు. పచ్చళ్ళు రోజూ తినేవి కావనుకోండి, పండగపూట ఒక చిన్న ముక్క నాలుక్కి రాసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. పంపింగ్ బాగా తక్కువున్నవాళ్ళకు ఆ వెసులుబాటూ లేదు. చింతపండు, నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలు పెంచితే నాలుక కొన్ని వారాల్లో అలవాటుపడుతుంది. "తక్కువ సోడియం" ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్ళు అడక్కుండా వాడొద్దు.

నూనె గురించి వాదనలు తెగవు. వేరుశెనగ, నువ్వులు, తవుడు, ఏదైనా సరే, మనిషికి నెలకు అర లీటరు దాటకుండా చూసుకోండి. డాల్డా, బజ్జీలు వేయించగా మిగిలిన నూనె తీసేయండి.

## నెలలు గడిచాక

ఇప్పుడు బాగున్నారు. మాత్రలు తగ్గించుకోవచ్చా?

బాగున్నది మాత్రల వల్లే. గుండెపోటు తర్వాత ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ మామూలుగా ఏడాది ఇస్తారు. మధ్యలో ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టరుకు చెప్పాలి. కొలెస్ట్రాల్ మాత్రతో ఒళ్ళునొప్పులొస్తే మోతాదో మందో మారుస్తారు, మీరే మానేయకండి. ఏటా ఫ్లూ టీకా కూడా వేయించండి.

తిరుమల మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నారు. వెళ్ళొచ్చా?

అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2,400. రెండోది తక్కువే అనిపిస్తుంది గానీ రెండు కిలోమీటర్లలోనే అంత ఎత్తూ ఎక్కించేస్తుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, 60 దాటినవాళ్ళు కాలినడకన రావద్దని దేవస్థానమే సూచించింది. మూడు నెలల రిహాబ్ పూర్తయి, ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుంటే డాక్టరు ఏమంటారో చూడవచ్చు. కాదంటే బస్సులో వెళ్ళి, అలిపిరి పాదాల మండపం దగ్గర కొన్ని మెట్లెక్కి దిగి మొక్కు చెల్లించుకునేవాళ్ళు ఉన్నారు. స్వామికి మీ ఈసీజీ తెలియదనుకోవద్దు.

అడగడానికి సిగ్గుగా ఉంది. భార్యాభర్తల మధ్య...?

సిగ్గుపడి అడక్కపోవడం వల్లే అనవసరంగా నెలల తరబడి భయపడుతుంటారు. ఆయాసం, నొప్పి లేకుండా రెండు అంతస్తుల మెట్లు చురుగ్గా ఎక్కగలిగితే మామూలుగా ఇబ్బంది ఉండదు. బైపాస్ అయితే ఛాతీ మీద బరువు పడకుండా చూసుకోవాలి. పటుత్వం కోసం మాత్రలు సొంతంగా కొనొద్దు. సార్బిట్రేట్ లాంటి మాత్రతో కలిస్తే బీపీ ప్రాణాపాయంగా పడిపోతుంది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళాలి. అక్కడ రిహాబ్ దొరుకుతుందా?

అక్కడ 65 దాటిన పౌరులకు మెడికేర్ కింద 36 సెషన్ల దాకా ఇస్తారు. విజిటర్ వీసా మీద వెళ్ళే తల్లిదండ్రులకు ఆ సదుపాయం లేదు. విజిటర్ ఇన్సూరెన్సులు కూడా ముందునుంచీ ఉన్న జబ్బులకు పూర్తిగా వర్తించవు. అందుకని రిహాబ్ ఇక్కడే ముగించుకుని వెళ్ళడం తెలివైన పని. ఉండబోయే రోజులకు సరిపడా మందులు, మందుల చీటీ, చివరి ఈసీజీ, ఎకో, స్టెంట్ కార్డు చేతిసంచీలోనే పెట్టాలి, చెకిన్ పెట్టెలో కాదు. విమానంలో గంటకోసారి లేచి నడవాలి. పెద్ద విమానాశ్రయాల్లో నడక చాలా ఎక్కువ, టికెట్టుతోపాటే వీల్‌చెయిర్ అడగండి. అక్కడికి చేరాక చలికి బయట నడవలేకపోతే షాపింగ్ మాల్ లోపల నడవొచ్చు, పొద్దున్నే అక్కడ నడిచే పెద్దవాళ్ళు చాలామంది కనిపిస్తారు.